పై విలువ, పైపై విలువ

తెలుగులో లెక్కలు చదువుకున్న వారందరికీ ఒక చిన్న చిక్కు పరిచయమే. "పై విలువను ప్రతిక్షేపించగా" అని పుస్తకంలో కనబడితే, అది పై పంక్తిలో వచ్చిన విలువా, లేక గ్రీకు అక్షరమైన 'పై' విలువా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. పై చదువు, పై అధికారి, పైకం, పైపంచె అంటూ మన భాషలో ఇన్ని పనులు చేస్తున్న మాటకు, సముద్రాలు దాటి వచ్చిన ఒక అక్షరం తోడైంది. చిక్కు అక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కాని ఆ అక్షరం విలువను మనం పిల్లలకు నిజంగానే పైపైన చెప్పి వదిలేస్తున్నామన్నది నా ఫిర్యాదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందే నా వాదం చెప్పేస్తాను. 'పై' విలువగా 22/7 వాడడం తప్పు కాదు. 22/7కు 'పై' సమానమని చెప్పడం తప్పు. ఈ రెంటికీ నడుమ ఉన్నది పండితులు మాత్రమే పట్టించుకోవలసిన వెంట్రుకవాసి తేడా అని చాలామంది అనుకుంటారు. అది నిజాయితీకి సంబంధించిన తేడా అని నేనంటాను. మన పూర్వులు ఆ తేడాకు చక్కని పేర్లు పెట్టుకున్నారు. మనమే ఆ పేర్లను పోగొట్టుకున్నాం.

అక్షరం కథతో మొదలుపెడదాం. వృత్తం చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చే సంఖ్యకు ఈ గ్రీకు అక్షరాన్ని మొదట వాడినవాడు వేల్స్ దేశీయుడైన విలియం జోన్స్ అనే గణితజ్ఞుడు, 1706లో. చుట్టుకొలతకు గ్రీకులో ఉన్న మాట ఆ అక్షరంతో మొదలవుతుంది గనుక అది తోచి ఉంటుంది. తర్వాత ఆయిలర్ మహాశయుడు తన రచనల్లో, ముఖ్యంగా 1748 నాటి గ్రంథంలో వాడేసరికి లోకమంతా అదే వాడుకలోకి వచ్చింది. సాహిత్యాభిమానులకు ఇక్కడ ఒక ముచ్చట. ఈ జోన్స్ కుమారుడే 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన సర్ విలియం జోన్స్. తండ్రి వృత్తానికి పేరు పెట్టాడు; కొడుకు సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకూ ఉన్న చుట్టరికాన్ని లోకానికి చాటాడు. చుట్టుకొలతా, చుట్టరికమూ ఒకే ఇంటివి కావడం బాగుంది కదా!

పేరు కొత్తదే గాని సంఖ్య పాతది. మన తెలుగు ఇళ్లలో ఎన్నో కుటుంబాలు ఆపస్తంబ సూత్రులమని చెప్పుకుంటాయి. ఆ ఆపస్తంబుడి పేర, బౌధాయనుడి పేర ఉన్న శుల్బసూత్రాలు యజ్ఞవేదికలను తాడుతో కొలిచి కట్టే పద్ధతులను చెబుతాయి. వృత్తాన్ని అంతే వైశాల్యం గల చతురస్రంగా మార్చడానికి వాటిలో ఒక సులువు ఉంది. వ్యాసాన్ని 15 భాగాలు చేసి 2 తీసివేయి, మిగిలిన 13 భాగాలు చతురస్రానికి భుజం. లెక్క వేసి చూస్తే దీని ప్రకారం 'పై' విలువ 3.004 వస్తుంది. గొప్ప కచ్చితమేమీ కాదు. అయితే బౌధాయనుడి మాటల్లోనే ఇది పక్కా కొలత కాదన్న సూచన ఉందని పండితులు అర్థం చెబుతారు. నాకు 3.004 కంటె ఆ సూచన ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

ఆర్యభటుడు సామాన్యశకం 499 నాటికి ఇంకా ముందుకు వెళ్లాడు. ఆయన పద్ధతి ఇది. 100కు 4 కలిపి 8తో గుణించు, 62,000 కలుపు, వచ్చినది 20,000 వ్యాసం గల వృత్తానికి చుట్టుకొలత. అంటే 62,832ను 20,000తో భాగించాలి. వచ్చేది 3.1416. ఆ శ్లోకంలో ఆయన ఒక మాట చేర్చాడు: 'ఆసన్న'. దగ్గరగా ఉన్నది అని అర్థం. ఇదే చుట్టుకొలత అనలేదు. చుట్టుకొలతకు ఆసన్నమైనది అన్నాడు. వెయ్యేళ్ల తర్వాత కేరళలో నీలకంఠ సోమయాజి ఆ ఒక్క మాట మీద ఆగి, ఎందుకు 'ఆసన్న' అన్నాడని ప్రశ్నించుకున్నాడు. వ్యాసాన్ని ఏ కొలబద్దతో శేషం లేకుండా కొలవగలమో, అదే కొలబద్దతో చుట్టుకొలతను కొలిస్తే శేషం మిగిలి తీరుతుందని, కొలబద్దను ఎంత చిన్నది చేసినా శేషాన్ని తగ్గించగలమే గాని పోగొట్టలేమని వివరించాడు. ఈ మాటకు రుజువు 1761లో లాంబర్ట్ చేతిలో దొరికింది. 'పై' కరణీయ సంఖ్య అన్న పాఠం మన పిల్లలకు అప్పగించే తొమ్మిదో తరగతి పుస్తకానికి, నీలకంఠుడి వివరణను మించిన వివరణ నేనెరుగను.

తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూటుల కాలపు జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు తన గణితసార సంగ్రహంలో ఫలితాలను రెండు రకాలుగా చెప్పాడు. పనికి సరిపోయేది వ్యావహారికం, నిశితమైనది సూక్ష్మం. వ్యావహారికంగా చుట్టుకొలత వ్యాసానికి 3 రెట్లు. సూక్ష్మంగా 10 వర్గమూలం రెట్లు, అంటే సుమారు 3.162. ఈ గ్రంథాన్నే పావులూరి మల్లన సార సంగ్రహ గణితమన్న పేర పద్యాలుగా తెలుగు చేశాడు. సాహిత్య చరిత్రకారులు సాధారణంగా ఆయనను పదకొండో శతాబ్దివాడని చెబుతారు. అంటే మన భాషలో కావ్యరచన కళ్లు తెరుస్తున్న కాలంలోనే గణితం కూడా తెలుగు పద్యం ఎక్కిందన్నమాట. మూలంలోని జైన ఉదాహరణల స్థానంలో శైవ సంప్రదాయపు ఉదాహరణలు పెట్టుకుని ఆ గ్రంథాన్ని మనదిగా చేసుకున్నాడు. 1150లో భాస్కరాచార్యుడి లీలావతి ఈ విభజనను ఇంకా స్పష్టం చేసింది. 3927/1250 సూక్ష్మం, 22/7 స్థూలం, వ్యవహారానికి తగినది.

గమనించండి. 22/7ను భాస్కరుడు నిషేధించలేదు. దానికి తగిన పీట వేసి కూర్చోబెట్టాడు. వ్యావహారికం అనగానే తెలుగువారికి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రావడం సహజం. భాషలో వ్యావహారికానికి గౌరవం తెచ్చినవారాయన. లెక్కల్లోనూ వ్యావహారికం గౌరవనీయమే. అయితే వ్యావహారికాన్ని వ్యావహారికమని చెప్పడంలోనే ఆ గౌరవం ఉంది.

ఇప్పుడు మా ప్రాంతానికి వస్తాను. నాది పల్నాటి నకరికల్లు. సాగర్ కుడికాలువ నీళ్లు ఎరిగిన నేల. గోదావరి నీటిని గొట్టాల ద్వారా ఎత్తిపోసి ఆ కుడికాలువకు చేర్చాలన్న గోదావరి – పెన్నా అనుసంధానం మొదటి దశకు 2018 నవంబరులో మా ఊరి దగ్గరే శంకుస్థాపన జరిగింది. ఆ పథకం రూపురేఖలు తర్వాత మారుతూ వచ్చాయి. ఆ రాజకీయం నాకిక్కడ అవసరం లేదు. కాలువా, గొట్టమూ, బావీ, బోరూ ఉన్నచోట వృత్తం లెక్క బడిలో మాత్రమే ఉండదని చెప్పడానికి దాన్ని తలచాను.

మా పల్నాటి పడమటి అంచున నాగార్జునకొండ ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దిలో, రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి అనే వనిత అక్కడి మహాచైత్యాన్ని కట్టించింది. దాని పునాది బండిచక్రంలా ఉంటుంది. నడుమ కుంభి, దాని నుంచి ఆకులు, చుట్టూ వలయపు గోడ. ఆ చైత్యం వ్యాసం సుమారు 106 అడుగులు. నేడు ఆ లోయ జలాశయం కింద ఉంది. కట్టినవారు చుట్టుకొలతను ఎలా లెక్కించారో చెప్పే శాసనమేదీ నేను చదవలేదు. తాడు పట్టుకుని తిప్పి ఉంటే లెక్కతో పనేలేదు. కాని ఆ 106 అడుగుల మీద మన 'పై' విలువలన్నింటినీ ఒకసారి పరీక్షించి చూద్దాం.

3 రెట్లంటే చుట్టుకొలత 318 అడుగులు. నిజమైనది 333 అడుగులు. ఏకంగా 15 అడుగుల గోడకు ఇటుక తక్కువ పడుతుంది. 10 వర్గమూలమంటే 335 అడుగులు దాటుతుంది. 2 అడుగులకు పైగా ఎక్కువ. 22/7 అంటే ఒకటిన్నర అంగుళం పైచిలుకు ఎక్కువ. ఆర్యభటుడి 3.1416 అంటే తేడా అంగుళంలో నూరో వంతు కూడా లేదు. ఒక్క ఇసుకరేణువు మందం అనుకోండి. మహావీరుడు సూక్ష్మమన్న 10 వర్గమూలం కంటె భాస్కరుడు స్థూలమన్న 22/7 ఎంతో మెరుగైనదని కూడా ఈ లెక్కే చెబుతుంది. పెద్దల మాటను గౌరవించడమంటే దాన్ని తాడు పట్టి కొలిచి చూడడం కూడా.

ఏది ఎంత కచ్చితంగా ఉండాలో పని చెబుతుంది. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసే కమ్మరిని చూడండి. చక్రం వ్యాసం 5 అడుగులనుకుంటే చుట్టుకొలత 15 అడుగుల 8½ అంగుళాలు. పట్టాను చక్రం కంటె కాస్త తక్కువ చుట్టుకొలతతో చేసి, ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు తొడిగి, నీళ్లు పోస్తారు. చల్లారి బిగుసుకుంటుంది. 500 డిగ్రీల వేడికి ఇనుము వెయ్యింట ఆరు వంతులు సాగుతుంది. అంటే ఈ పట్టా విషయంలో సుమారు ఒక అంగుళం. కమ్మరి చేతిలో ఉన్న వెసులుబాటు ఆ అంగుళమే. 3 రెట్లని కోస్తే పట్టా 8½ అంగుళాలు పొట్టిదై, ఏ కొలిమీ దాన్ని చక్రానికి ఎక్కించలేదు. 22/7 అని కోస్తే తేడా 2 మిల్లీమీటర్ల లోపు, పని జరిగిపోతుంది. నిజానికి అనుభవజ్ఞుడైన కమ్మరి ఈ రెండూ ఎరుగనక్కరలేదు. చక్రాన్ని ఒక చుట్టు దొర్లించి నేల మీది గీతను కొలుచుకుంటాడు. గుణకారం లేకుండానే 'పై' ఆయన కాళ్ల దగ్గర గీతై పడుకుంటుంది.

ఇక్కడివరకు నష్టం ఎవరికీ లేదు. నష్టం డబ్బు చేతులు మారేచోట మొదలవుతుంది. ఒక రైతు 20 అడుగుల వ్యాసంతో 40 అడుగుల లోతు బావి తవ్వించాడనుకుందాం. కూలి ఘనపుటడుగుల లెక్కన ఇస్తానన్నాడు. 'పై' 3 అనుకుని లెక్కగడితే 12,000 ఘనపుటడుగులు. నిజంగా తవ్విన మట్టి 12,566. తేడా 566 ఘనపుటడుగులు. అంటే తవ్వినవారు ఒకటిన్నర అడుగుకు పైగా లోతును ఊరికే తవ్వి ఇచ్చారన్నమాట. 22/7తో లెక్కగడితే 12,571; తేడా 5 ఘనపుటడుగులు మాత్రమే, అదీ కూలీకి అనుకూలంగా. పారతో ఎత్తిపోసిన చెమటను నాలుగు సున్నాలు లేని ఒక అంకె మింగేయగలదు. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ దొంగిలించలేదు. ఒక అంచనా మాత్రం ఒకరివైపు మొగ్గింది.

ఇంతకంటె విచిత్రమైనది కలప లెక్క. గుండ్రటి దుంగను కొలిచే ఒక పాత పద్ధతి మన దేశంలో అటవీ లెక్కల్లోనూ కలప వ్యాపారంలోనూ పాతుకుపోయింది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని వర్గం చేసి, పొడవుతో గుణించడమే ఆ పద్ధతి. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోపస్ 1736లో అచ్చువేసిన పట్టికల ద్వారా ప్రసిద్ధికెక్కింది. 6 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు ఉన్న దుంగను తీసుకోండి. ఈ పద్ధతిలో 22½ ఘనపుటడుగులు. ఆ దుంగలో నిజంగా ఉన్న కలప 28½ ఘనపుటడుగులు దాటుతుంది. అంటే నూటికి 21 వంతులకు పైగా లెక్కలోకి రాదు. సూత్రాన్ని విప్పి చూస్తే ఇది 'పై' విలువ 4 అనుకోవడంతో సమానం. బెరడూ, కోతలో పోయే పొట్టూ, పక్క చెక్కలూ పోను మిగిలే కలపకు ఇది దాదాపు సరిపోతుందని సమర్థన చెబుతారు. ఆ సమర్థనలో నిజం ఉంది. ధర కూడా ఆ కొలతకు తగ్గట్టే కుదిరి ఉంటుంది. నా అభ్యంతరం పద్ధతి మీద కాదు. తన చేలో చెట్టు అమ్ముకునే మనిషికి ఆ తరుగు ఇంత అని తెలియకపోవడం మీద. తెలిసి వదులుకున్న తరుగు బేరం అవుతుంది. తెలియక వదులుకున్నది నష్టం.

కాబట్టి నేను చెప్పదలచినది ఇది. ప్రతి అంచనాకూ ఒక మొగ్గు ఉంటుంది; ఆ మొగ్గు ఎటో, ఎంతో చెప్పడం అంచనా వేసినవాడి ధర్మం. ఈ ధర్మాన్ని పాటించిన ఒక ఉదాహరణ చెబుతాను. శ్రీనివాస రామానుజన్ 1913లో వృత్తాన్ని చతురస్రం చేయడం మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. స్కేలు, వృత్తలేఖినులతో 355/113 అన్న విలువ వచ్చేలా ఒక నిర్మాణం చూపాడు. 1882లోనే లిండెమన్ ఈ పని ఆ పరికరాలతో కచ్చితంగా సాధ్యం కాదని నిరూపించాడు గనుక, రామానుజన్ చూపినదీ ఆసన్నమే. కాని ఆయన ఊరుకోలేదు. వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయితే, తన చతురస్రపు భుజం ఉండవలసిన దానికంటె సుమారు ఒక అంగుళం ఎక్కువ వస్తుందని కూడా రాశాడు. 1956 నుంచి 2014 వరకు ఉన్న మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటె పెద్ద వృత్తమది! అంత పెద్ద వృత్తంలో ఒక అంగుళం తప్పు. ఆ తప్పు ఎంతో చెప్పాడు, ఎటువైపో కూడా చెప్పాడు. ఆసన్నం అన్న మాటకు ఇంతకు మించిన మర్యాద లేదు.

విజ్ఞానశాస్త్రంలో 'పై' ఎక్కడెక్కడ కనబడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. లోలకం ఊగే కాలంలో ఉంది, ఉపగ్రహం తిరిగే కాలంలో ఉంది. శ్రీహరికోట నుంచి ఎగిరే ప్రతి ఉపగ్రహపు కక్ష్యలెక్కలోనూ అది ఉండక తప్పదు. అవి వృత్తాల వంటివి గనుక ఉందని సరిపెట్టుకోవచ్చు. కాని వృత్తం ఛాయలే లేనిచోట కూడా ఉంటుంది. ఒక మిర్చి టిక్కీని మంచి కాటా మీద వందసార్లు తూచండి. తూకంలో చిన్న చిన్న తేడాలు వస్తాయి. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ, మధ్యలో గుంపు. ఆ గుంపు గీసే గంట ఆకారపు వక్రరేఖ సూత్రంలో రెండు 'పై'ల వర్గమూలం ఉంటుంది. టిక్కీకీ వృత్తానికీ ఏం సంబంధమని అడిగితే సమాధానం పెద్దది. దొర్లడం, ఊగడం, తప్పు పోవడం – ఈ మూడింటిలోనూ ఒకే సంఖ్య ఉందన్నది మాత్రం నిజం.

ఈ తప్పుల శాస్త్రంలో లోకప్రసిద్ధుడు మన తెలుగువాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, లోకానికి సి.ఆర్. రావు. 1945లో ఆయన ప్రచురించిన పత్రం ఒక లోతైన విషయం చెప్పింది. చేతిలో ఉన్న సమాచారం నుంచి ఒక తెలియని రాశిని అంచనా వేస్తే, ఆ అంచనా ఎంత మెరుగ్గా ఉండగలదో దానికి ఒక హద్దు ఉంది. ఎంత తెలివైనవాడైనా ఆ హద్దు దాటలేడు. అది నేడు క్రామర్ – రావు అసమానతగా ప్రసిద్ధం. 2023లో, నూరేళ్లు దాటిన వయసులో, ఆయనకు సాంఖ్యకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి లభించింది. అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. 'సుమారుగా' అన్న మాటకు గణితంలో ఇంతటి గౌరవం తెచ్చిన మనిషి మన బడుల నుంచే వచ్చాడు. ఆ బడుల్లోనే 'సుమారుగా' అన్న మాట చెరిపేసి 'సమానం' గుర్తు పెడుతున్నాం.

పరీక్షల సంగతి ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఒక అధ్యాయంలో 'పై' కరణీయ సంఖ్య, ఏ భిన్నానికీ సమానం కాదు అని చదువుతారు. కొన్ని నెలలకు మరో అధ్యాయంలో 'పై' = 22/7 అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. చురుకైన పిల్ల లేచి "చుట్టుకొలతను వ్యాసంతో భాగిస్తే వచ్చేది భిన్నమే కదండీ, మరి కరణీయం ఎలా అవుతుంది?" అని అడిగిందనుకోండి. అది బంగారంలాంటి ప్రశ్న. దానికి జవాబు నీలకంఠుడు చెప్పాడు: రెంటినీ ఒకే కొలబద్ద శేషం లేకుండా కొలవలేదు తల్లీ, అని. కాని చాలా తరగతుల్లో ఆ పిల్లకు దొరికే జవాబు "ముందు లెక్క చెయ్యి" అన్నదే. ప్రశ్న చచ్చిపోయి మార్కు మిగులుతుంది.

దీనికి ఎదురుగా మరో రకం పైపై చదువు ఉంది. 'పై' విలువ ముప్పైకి పైగా స్థానాల వరకు కటపయాది సంకేతంలో ఒదిగి ఉన్న ఒక సంస్కృత శ్లోకం ఎందరో పంచుకుంటుంటారు, అది వేదకాలం నాటిదని. కటపయాది పద్ధతి నిజం. శ్లోకం చమత్కారం నిజం. అయితే ఆ శ్లోకం ప్రసిద్ధికెక్కింది 1965లో అచ్చయిన వేదగణితమనే పుస్తకం ద్వారా. వేదకాలపు శుల్బసూత్రాల్లో ఉన్నది 3.004 అని పైన చూశాం. ఆ కాలానికి ముప్పై స్థానాలు అంటగట్టడం వారికి గౌరవమని నేననుకోను. తాడు, మేకు పట్టుకుని వారు నిజంగా చేసిన పనిని అది కప్పేస్తుంది. ఆర్యభటుడి 'ఆసన్న' అన్న ఒక్క మాట ఆ ముప్పై అంకెల కంటె నాకు గర్వకారణం. పద్నాలుగో శతాబ్దిలో సంగమగ్రామ మాధవుడు అనంతశ్రేణితో 'పై'ని ఎంత దగ్గరగానైనా చేరే దారి చూపాడు. నిజమైన ఘనత అంత ఉండగా లేనిది అరువు తెచ్చుకోవడం దేనికి?

అంకెల మోజు మనకే ప్రత్యేకం కాదు. 2024లో యంత్రాల మీద 'పై'ని 202 లక్షల కోట్ల స్థానాల వరకు లెక్కించారు; ఆ తర్వాత దానినీ దాటారు. వీటికి వాడే పద్ధతి రామానుజన్ 1914లో ఇచ్చిన శ్రేణుల కోవలోదే. యంత్రాల సత్తా పరీక్షించడానికి అవి పనికివస్తాయి. కాని గ్రహాంతర నౌకలను నడిపే అమెరికా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ తన అతి సూక్ష్మమైన లెక్కలకు వాడేది దశాంశం తర్వాత 15 స్థానాలే. కంటికి అందే విశ్వమంతటి వృత్తాన్ని ఒక పరమాణువంత తేడాతో కొలవాలన్నా 40 అంకెలు చాలు. కమ్మరి సంగతే మళ్లీ వచ్చింది చూడండి. ఎంత కావాలో పని చెబుతుంది.

"పల్లెటూరి పిల్లలకు ఇంత రాద్ధాంతం ఎందుకు? 22/7తో లెక్క తేలికగా కొట్టుకుపోతుంది, వాళ్లనలా వదిలేయండి" అనేవారుంటారు. వారి జాలిని అర్థం చేసుకోగలను. కాని 22/7ను తీసేయమని నేను అడగడం లేదు. అసలు వ్యాసార్థాలన్నీ 7, 14, 21 గానే ఇచ్చే ప్రశ్నాపత్రమే పిల్లలకు అన్యాయం చేస్తోంది. ఊళ్లో ఏ బావీ 7 మీటర్ల వ్యాసార్థంతో పుట్టదు. లెక్క కొట్టుకుపోవడమే లెక్క అన్న భ్రమ అక్కడ పుడుతుంది. ఆ భ్రమతో పెరిగినవాడు రేపు కాటా దగ్గరా, కలప దగ్గరా, కాంట్రాక్టు బిల్లు దగ్గరా ఎదుటివాడు రాసిన అంకెను సమానం గుర్తుతో సహా ఒప్పుకుంటాడు. పట్నంలో పెరిగినవాడికి ఇది పరీక్షలో ఒక మార్కు. పల్లెలో పెరిగినవాడికి కూలి.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒకటి, పుస్తకాల్లోనూ పరీక్షల్లోనూ 'పై', 22/7ల నడుమ సమానం గుర్తు తీసి, సుమారు సమానం గుర్తు పెట్టాలి. నోటితో చెప్పేటప్పుడు 'ఆసన్నం' అన్న మాటను మళ్లీ వాడుకలోకి తేవాలి. మూడక్షరాల మాట, పలకడానికీ హాయి. రెండు, జవాబు పక్కనే అది నిజం కంటె ఎక్కువో తక్కువో ఒక్క మాట రాయించాలి. మూడు, ఏడాదికి ఒక్కరోజైనా పిల్లల చేత తాడుతో కొలిపించాలి. సైకిలు చక్రం, బిందె, పళ్లెం, నీళ్ల డ్రమ్ము – దొరికినదల్లా. ఒక్కొక్కరికి 3.1, 3.2, 3.15 అని రకరకాలుగా వస్తుంది. ఆ తేడాలు చూసి సిగ్గుపడకుండా వాటి సగటు తీయడం నేర్పితే, సి.ఆర్. రావుగారి శాస్త్రానికి తొలి పాఠం అదే అవుతుంది.

ఆ రోజు ఏదో కూడా చెబుతాను. నెలను ముందు రాసే అమెరికావారి అలవాటులో 3/14 అయిన మార్చి 14ను యునెస్కో 2019లో అంతర్జాతీయ గణిత దినంగా ప్రకటించింది. మంచిదే. కాని మన రాష్ట్రాల్లో ఆ రోజులు పదో తరగతి పరీక్షల గాభరాలో ఉంటాయి. పైగా మనం తేదీ ముందు, నెల తర్వాత రాస్తాం. మన లెక్కన జూలై 22 అంటే 22/7. బడులు తెరిచి నెల దాటి ఉంటుంది, పుస్తకాలు ఇంకా కొత్త వాసన వేస్తుంటాయి. ఆ రోజును 'ఆసన్న దినం'గా జరుపుకుందాం. సభలు, శాలువలు అక్కర్లేదు. ఒక తాడు, ఒక చక్రం చాలు.

పల్నాటి బడుల్లో లెక్కలు చెప్పే మేష్టర్లకు, ప్రశ్నాపత్రాలు రాసే పెద్దలకు నా మనవి ఇంతే. ఒక గీత మీద మరో గీత పెడితే సమానం. ఆ రెండు గీతలను కొద్దిగా వంచి అలలు చేస్తే ఆసన్నం. ఆ చిన్న వంపు పిల్లలకు నేర్పండి. కొలిచి చూసినంతవరకు ఇది, ఆపైన ఇంకా ఉంది అని చెప్పగలిగిన పిల్ల, లెక్కల్లోనే కాదు, మాటల్లోనూ నమ్మదగిన మనిషి అవుతుంది.